పెద్ద అరల బీరువా

జూన్ 2, సోమవారం

పొద్దున్నుంచీ మబ్బు. చినుకు లేదు. గాలిలో తేమకి తట్టల్లో పోసిన మట్టి ఆరలేదు. జల్లెడ మామ పదహారు నమూనాలు మాత్రమే జల్లించాడు. కెమిస్ట్ గారు పొటాషు పరీక్షలు ఇరవై రెండు చేశారు. నేను రిపోర్టులు ముప్పై ఎనిమిది తీశాను. ఇంకా ఇవ్వాల్సినవి 1,140.

పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. మేం అడిగింది కొత్త కంప్యూటరు. వాళ్ళు రాసింది ఇది. యంత్రం పనికిరాదని మీరే రాశారు కాబట్టి 28న వ్యాను పంపుతాం, కంప్యూటరూ పరీక్ష సామానూ ఎక్కించండి, ఇకమీదట మట్టి పరీక్షలు టౌను లాబ్‌లోనే. ఆ రోజుకి పెండింగు ఒక్కటీ లేకపోతే అప్పుడు చూస్తారట.

కెమిస్ట్ గారు రెండుసార్లు చదివారు. "దూడని అడిగితే ఆవుని కూడా తోలుకుపోతామంటున్నారు" అన్నారు. తర్వాత సీసాలు కడగడానికి వెళ్ళారు. టౌనుకి రెండు బస్సులు మారాలి. మట్టి సంచి భుజాన వేసుకుని ఎంతమంది వెళ్తారు.

అడుగుతూ రాసిన ఉత్తరం నాదే. సంతకం ఆవిడది. డిస్కు పాతదని రాశాను. ఉన్నమాటే రాశాను.

జూన్ 3

రిపోర్టులు 39. డిస్కు పాతది.

జూన్ 5, గురువారం

ఉక్కపోత. మధ్యాహ్నం నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి.

వంకర గట్టు పెద్దమ్మ మళ్ళీ వచ్చింది. ఈ వారంలో మూడోసారి. ఆవిడ పొలం గట్టు వంకరగా ఉంటుంది, అందుకని ఆ పేరు. వానలు పడేలోపు ఏ ఎరువు ఎంత వెయ్యాలో తెలియాలి ఆవిడకి.

"నాయనా, నా మట్టి ఆరిందా, ముసలిదైందా?"

"ఆరింది పెద్దమ్మా. పరీక్ష కూడా అయింది. కంప్యూటరులోంచి రావాలి."

"అందులో కూడా మట్టి పోశారా ఏం, అంత నానుతోంది?"

జల్లెడ మామ పక్కగదిలోంచి నవ్వాడు. ఆయన ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడ మట్టి దంచి జల్లిస్తున్నాడు. నాకు మామేమీ కాడు, ఊరందరికీ మామే. "అల్లుడూ, బటన్ నొక్కి వచ్చి నాతో నాలుగు తట్టలు దంచు. నీ కంప్యూటరు కంటే ముందు నేను ముగిస్తా" అన్నాడు. పందెం కాసి మరీ దంచాం. ఆయనే గెలిచాడు.

ఒక్క రిపోర్టుకి పదకొండు నిమిషాలు. ఒక్కో మట్టికి పన్నెండు పరీక్షలు, ప్రతి పరీక్షా ఒక్కో చిన్న ఫైలు. రిపోర్టు కింద ఊరి సగటు వెయ్యాలి కాబట్టి ఆ ఊరి ఫైళ్ళన్నీ తెరిచి చూస్తుంది. పెద్దమ్మ వాళ్ళ ఊరివి మూడువేల ఆరువందల ఫైళ్ళు. రెండేళ్ళ కిందట ఇంత ఆలస్యం ఉండేది కాదు. రోజుకి నలభై దాటటం లేదు, కొత్తవి పాతిక వచ్చి పడుతున్నాయి. ఇలా అయితే 28కి ముగియదు. ఆగస్టుకీ ముగియదు.

పెద్దమ్మకి పేపరు ఇచ్చేసరికి ఆవిడ ఎక్కాల్సిన బస్సు పోయింది. బెంచీ మీద కూర్చుని పేపరుతో విసురుకుంది. తీరా చూస్తే అది తప్పు పేపరు. పక్క పొలానిది. హడావిడిలో నేను నంబరు తప్పు కొట్టాను. రేపు మళ్ళీ రమ్మన్నాను. "వస్తాలే, నాకు మాత్రం ఇక్కడ తప్ప చుట్టాలెవరున్నారు" అంది.

జూన్ 6

రిపోర్టులు 41. పెద్దమ్మ రాలేదు.

జూన్ 7, శనివారం

డిస్కు నిండిపోయిందని తెర మీద వచ్చింది. నలభై జీబీ డిస్కు. మేం రాసేవి అంకెలు, అవి డిస్కుని ఎలా నింపాయి?

పరీక్షల ఫోల్డరు మీద నొక్కి వివరాలు చూశాను. రెండు లెక్కలు కనబడ్డాయి. ఫైళ్ళ సైజు: రెండువందల ముప్పై ఎంబీ. డిస్కు మీద అవి ఆక్రమించిన చోటు: ఇరవై నాలుగు జీబీ. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అవే.

అంటే మనిషి ఒకడు, పడుకున్న మంచం నూరుమందిది.

కెమిస్ట్ గారికి చెప్పలేదు. ఇంకా నాకే అర్థం కాలేదు కదా.

జూన్ 8, ఆదివారం

బావమరిదికి ఫోను చేశాను. టౌనులో కంప్యూటర్లు బాగుచేస్తాడు. మా ఆవిడకి తమ్ముడు, నన్ను ఆటపట్టించడం వాడి జన్మహక్కు.

రెండు లెక్కలూ చెప్పగానే నవ్వాడు. "బావా, అది జబ్బు కాదు. బ్లాకు సైజు."

వాడు చెప్పింది నాకు అర్థమైనంత మేరకు రాసుకుంటున్నాను. డిస్కు మొత్తాన్నీ మొదట్లోనే సమానమైన అరలుగా కోస్తారు. ఒక్క అరని బ్లాకు అంటారు. ఒక బ్లాకులో ఒక్క ఫైలే ఉండాలి. ఫైలు ఎంత చిన్నదైనా బ్లాకు మొత్తం దానిదే, మిగిలింది ఖాళీ. మా డిస్కులో ఒక్క బ్లాకు అరవై నాలుగు వేల అక్షరాలు పట్టేంత. మా ఫైలు ఆరువందల అక్షరాలు. చదివేటప్పుడు కూడా బ్లాకు మొత్తం ఎత్తుకొస్తుంది. ఆరువందల అక్షరాల కోసం అరవై నాలుగు వేల అక్షరాల చోటు మోసుకొస్తుంది, ఆ ఖాళీతోనే మెమరీ నిండుతుంది. నిండింది కాబట్టి పాతవి పారేసి మళ్ళీ మొదట్నుంచీ తెస్తుంది.

"అంటే కంప్యూటరు సోమరి కాదా?"

"సోమరా? పాపం, పొద్దస్తమానం గాలి మోస్తోంది బావా. ఇంతకీ డిస్కుని ఇలా కోసి ఫార్మాట్ చేసింది ఏ మహానుభావుడు?"

"ఎవరో. తెలియదు."

మా ఆవిడ గుడ్డ కత్తిరిస్తూ తల ఎత్తి నా వంక చూసింది. కత్తెర ఆగలేదు.

జూన్ 9

వాన. మట్టి ఆరలేదు. రిపోర్టులు 40. పెద్దమ్మ వచ్చింది, సరైన పేపరు తీసేలోపు కరెంటు పోయింది.

ఫార్మాట్ ఎవరు చేశారన్నది ఇప్పుడు ముఖ్యం కాదు.

జూన్ 10, మంగళవారం

ముఖ్యమే. నేనే చేశాను. రెండేళ్ళ కిందట, ఎండాకాలంలో, కెమిస్ట్ గారు సెలవులో ఉన్నప్పుడు. సైజు ఎంత కావాలని తెర మీద ఒక వరస వచ్చింది. అన్నిటికంటే కిందది, అన్నిటికంటే పెద్దది ఎంచుకున్నాను. జల్లెడ మామ మట్టి తెచ్చేవాళ్ళకి రోజూ చెప్పే మాట ఒకటుంది. "సంచి పెద్దది పట్టుకురా, మట్టి ఒలకదు." ఆ మాట చెవిలో ఉండిపోయింది. పెద్దదైతే ఇక మళ్ళీ చూసుకోనక్కర్లేదనుకున్నాను. పని అయ్యాక టీ కూడా తాగాను.

ఈ రోజు సాయంత్రం ఇంకోటి జరిగింది.

ఇంట్లో ముందుగదిలో మా ఆవిడ కుట్టుపని. చొక్కా కోసం వచ్చినాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఒక గుండీ తక్కువైంది. "ఆ బీరువాలో మూడో వరస, రెండో అరలో నీలం గుండీ ఉంటుంది, ఇలా ఇవ్వండి" అంది. ఆ బీరువా నేను చేసిందే. అదీ రెండేళ్ళ కిందటి ఎండాకాలమే. పదహారు అరలు. మంచి చెక్క. మోచేతి దాకా చెయ్యి పెట్టి తడిమితే అడుగున ఒకే ఒక్క గుండీ తగిలింది.

చొక్కా ఆయన వెళ్ళాక అడిగాను. "ఇంత అరలో ఒక్క గుండీయేనా?"

"ఒక అరలో రెండు రకాలు కలిపితే ఏరుకోవడానికే పొద్దు గూకుతుంది. ఒక్కోదానికి ఒక్కో అర."

"నీ దగ్గర గుండీలు ఎన్ని రకాలు?"

"నూట ముప్పై."

"అరలు పదహారే కదా?"

ఆవిడ మిషను కింద నుంచి రేకు డబ్బా లాగింది. నిండా అగ్గిపెట్టెలు. ప్రతి పెట్టె మీదా అందులో ఉన్న గుండీనే కుట్టి ఉంది, మూత తియ్యకుండా తెలిసేలా. లెక్కపెట్టాను. నూట పద్నాలుగు.

"రెండేళ్ళుగా వీటిలోనేనా?"

"మీరు చెయ్యి కోసుకుని మరీ చేశారు. పనికిరాదనడానికి నాకు నోరు రాలేదు."

డబ్బా మూత పెడుతూ అంది. "మా తమ్ముడితో ఎవరో అన్నారే, ఆ ఎవరో గారు చెక్కపని కూడా చేస్తారన్నమాట."

నాకు నవ్వాగలేదు. ఆవిడకీ ఆగలేదు. సూది ఎక్కడో పడిపోతే ఇద్దరం నేల మీద వెతికాం. ఈ ఇల్లు కట్టుకున్నాక ఇంత నవ్వు ఈ గదిలో నాకు గుర్తులేదు.

జూన్ 11, బుధవారం

తెరిపి. తట్టలు బయట పెట్టాం. రిపోర్టులు 36, ఎందుకు తగ్గాయో కింద.

పదింటికి కెమిస్ట్ గారి బల్ల ముందు నిలబడ్డాను. ఆవిడ గొట్టంలో రంగు మారడం కోసం చూస్తున్నారు. రంగు మారేదాకా ఆగాను. తర్వాత చెప్పాను. ఆలస్యం డిస్కు పాతదవడం వల్ల కాదు, నా వల్ల. నేను రాసిన ఉత్తరం వల్ల వ్యాను వస్తోంది.

ఆవిడ గొట్టం స్టాండులో పెట్టారు. "నా చేత సంతకం కూడా పెట్టించావు."

"పెట్టించాను మేడం."

"ఇరవై ఏళ్ళుగా రసాయనాలు చూస్తున్నాను, ఒక్క అబద్ధం మీదా సంతకం పెట్టలేదు. దానికి నువ్వు కావాల్సొచ్చావు." గట్టిగా అనలేదు. గట్టిగా అంటే బాగుండేది.

జల్లెడ మామ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "అల్లుడూ, నా సంచి మాట నువ్వు కంప్యూటరుకి చెప్పావా?" అన్నాడు. మొహంలో భయం. కెమిస్ట్ గారు ముందు నవ్వారు. తర్వాత ఆయన. చివర్లో నేను, కాస్త జంకుతూనే.

ఇంకో ఉత్తరం రాయమన్నారు ఆవిడ. సాగదీయొద్దన్నారు. రాశాను. "యంత్రంలో లోపం లేదు. డిస్కు సిద్ధం చేసేటప్పుడు బ్లాకు సైజు అవసరానికి మించి పెద్దది ఎంచింది నేను. డిస్కు పాతదని కిందటి ఉత్తరం రాసిందీ నేనే. సరిచేస్తున్నాం." ఈసారి సంతకం నాది. పోస్టులో వేసి వచ్చాను. దారిలో కాళ్ళు తేలిగ్గా పడ్డాయి. మెమో వస్తే వస్తుంది.

జూన్ 13, శుక్రవారం

బావమరిది పంపిన ఇంకో డిస్కు బస్సులో వచ్చింది. తువ్వాలులో చుట్టి పంపాడు. తువ్వాలు తిరిగి పంపమన్నాడు.

మధ్యాహ్నం కాపీ మొదలుపెట్టాను. మూడు లక్షల ఎనభై వేల ఫైళ్ళు. ముందు తీసి బయట పెట్టుకుంటేనే డిస్కుని మళ్ళీ కొయ్యగలం.

జూన్ 14

కాపీ నడుస్తోంది. జల్లెడ మామ గంటకోసారి వచ్చి తెర వంక చూసి వెళ్ళిపోతున్నాడు. ఆస్పత్రిలో బంధువుని చూసి వెళ్ళినట్టు.

జూన్ 16, సోమవారం

నిన్న ఆదివారమైనా వెళ్ళాను. కాపీ సరిపోయిందో లేదో ఫైళ్ళ లెక్క రెండుసార్లు చూసుకుని ఫార్మాట్ చేశాను. మళ్ళీ అదే వరస వచ్చింది తెర మీద. ఈసారి అన్నిటికంటే పైది, అన్నిటికంటే చిన్నది నొక్కాను. ఐదువందల పన్నెండు అక్షరాలు.

ఈ రోజు పొద్దున మొదటి రిపోర్టు ఇరవై రెండు సెకన్లు. అదే ఊరిది రెండోది ఐదు సెకన్లు. ఊరంతా మెమరీలో పట్టింది కాబట్టి మళ్ళీ డిస్కు దాకా పోలేదు. జల్లెడ మామ తట్ట ఎత్తే లోపే పేపరు బయట పడింది. "ఇక నీతో పందెం కట్టను" అన్నాడు.

కెమిస్ట్ గారు లోపలి గదిలోకి వెళ్ళి టీ చేసుకొచ్చారు. ఆవిడ టీ చెయ్యడం ఇదే మొదటిసారి. చక్కెర వెయ్యడం మర్చిపోయారు. ముగ్గురం తాగేశాం, ఎవ్వరం చెప్పలేదు.

రిపోర్టులు 190.

జూన్ 17

ఎరువుల శాఖ వాళ్ళు పొలాల పటాలు పంపారు. ఆకాశం నుంచి తీసిన ఫోటోలు, ఒక్కోటి అరవై ఎంబీ. రిపోర్టు వెనక పటం ముక్క వెయ్యాలి. తెరిస్తే తెరుచుకోదు. నిమిషం, రెండు నిమిషాలు. బావమరిదిని అడిగాను. అరవై ఎంబీని ఐదువందల అక్షరాల ముక్కలుగా కోస్తే లక్షా ఇరవై వేల ముక్కలవుతాయి, అందులో సగం ఎక్కడెక్కడో పడి ఉంటాయి, ఏది ఎక్కడుందో రాసుకున్న పట్టీ చదవడానికే సగం పొద్దు పోతుంది అన్నాడు.

"బావా, నీకు మధ్యలో ఆగడం తెలియదా?"

జూన్ 18, బుధవారం

వాన గట్టిగా పడింది. దుక్కులు మొదలైతే మా పేపర్లు ఎందుకూ పనికిరావు.

నేను దిగులుగా కూర్చున్నానని మా ఆవిడ గమనించింది. పటాల సంగతి చెప్పాను.

"గుండీలకి చిన్న అరలు కావాలి. పాంటు గుడ్డ తానులు కూడా అగ్గిపెట్టెల్లో పెట్టమన్నానా?" అంది. "గుండీలు వేరు, తానులు వేరు. వేర్వేరుగా పెట్టుకుంటాం."

మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. నేను చెప్పులు వేసుకుని బావమరిదికి ఫోను చెయ్యడానికి బయటికి వెళ్ళాను. ఇంట్లోంచే చెయ్యొచ్చు. ఆవిడ మాటే వాడికి నా మాటగా చెప్పాలనుకున్నాను. చివరికి నిజమే చెప్పాను. "అక్క నీకంటే ముందే చెప్పింది చూశావా" అన్నాడు వాడు. ఒక డిస్కుని రెండు భాగాలు చేసి దేని బ్లాకు సైజు దానికి పెట్టుకోవచ్చట.

జూన్ 20, శుక్రవారం

రెండు రోజులు పోయాయి. ముగిసింది. పరీక్షల భాగానికి బ్లాకు వెయ్యి అక్షరాలు. ఒక ఫైలు, ఒక అర, కొంచెం ఖాళీ. పటాల భాగానికి పాతదే, అరవై నాలుగు వేలు. పటం మూడు సెకన్లలో తెరుచుకుంది. నేను రెండేళ్ళ కిందట ఎంచుకున్నది పూర్తిగా తప్పేమీ కాదు, దానికి తగిన సామాను అప్పుడు మా దగ్గర లేదు. ఈ వాక్యం కెమిస్ట్ గారికి చూపించను.

పెద్దమ్మకి సరైన పేపరు ఇచ్చాను. వెనక పటంలో తన వంకర గట్టు చూసుకుంది. "ఆకాశంలోంచి కూడా వంకరేనా" అంది.

రిపోర్టులు 240. ఇప్పుడు ఆలస్యమంతా ప్రింటరుదే.

జూన్ 22, ఆదివారం

బీరువా కింది పన్నెండు అరలకి అడ్డచెక్కలు కొట్టాను. చిన్న గూళ్ళు నూట నలభై నాలుగు. పై వరస నాలుగూ తానులకి వదిలేశాను. ఆవిడ గుండీలన్నీ సర్దింది. అగ్గిపెట్టెలు మాత్రం పారెయ్యనంది.

జూన్ 25, బుధవారం

మధ్యాహ్నం పన్నెండుంపావుకి పెండింగు సున్నా. జల్లెడ మామ తలుపు దగ్గరికి వెళ్ళి బయట ఇంకెవరైనా ఉన్నారా అని చూసి వచ్చాడు.

నా రెండో ఉత్తరానికి జవాబు లేదు.

జూన్ 27

జవాబు లేదు. ఫోను చేస్తే వ్యాను బయల్దేరడం ఖాయమన్నారు. సామాను సర్దలేదు. కెమిస్ట్ గారు వద్దన్నారు.

జూన్ 28, శనివారం

తెల్లవారుతూనే ఎండ. మట్టి బాగా ఆరింది. నమూనాలు ముప్పై ఒకటి, అన్నీ ఇవాళ్టివే.

వంకర గట్టు పెద్దమ్మ తొమ్మిదికే వచ్చి బెంచీ మీద కూర్చుంది. పని ఏమిటంటే, "వ్యానుకి అడ్డం కూర్చోవడానికి" అంది. బెంచీ లోపల ఉంది, వ్యాను ఆగేది బయట. అది ఆవిడకి చెప్పబుద్ధి కాలేదు.

వ్యాను రెండున్నరకి వచ్చింది. ఆఫీసరు దిగాడు. సన్నటి మనిషి, చేతిలో ఫైలు. అందులో నా ఉత్తరాలు రెండూ ఉన్నాయి.

"ఇందులో ఏది నమ్మాలి?" అన్నాడు.

"రెండోది" అన్నారు కెమిస్ట్ గారు.

"ఎందుకు?"

"మొదటిదాంట్లో తప్పు డిస్కుది. రెండోదాంట్లో తప్పు మనిషిది. ఏ మనిషీ తన తప్పు ఊరికే రాసివ్వడు."

ఆయన నా వంక చూశాడు. నేను ప్రింటరు వంక చూశాను.

"ఏదైనా ఒక రిపోర్టు తియ్యండి."

"నాది తియ్యి" అంది పెద్దమ్మ బెంచీ మీంచి. "నా ముందే తియ్యి, నిన్నటిది దాచిపెట్టి ఇవ్వకుండా."

నొక్కాను. పొద్దున్నుంచీ ఆ ఊరిది ఎవరిదీ తియ్యలేదు, ఇరవై ఒక్క సెకన్లు పట్టింది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. మళ్ళీ తియ్యమన్నాడు. ఐదు. ఇంకోసారి. ఐదు. పటం కూడా చూశాడు. పెండింగు పుస్తకం తిరగేశాడు, చివరి పేజీ ఖాళీగా ఉంటే వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు.

"బ్లాకు సైజు అంటే ఏమిటి?" అని నన్ను అడిగాడు.

బీరువా సంగతి చెప్పాను. అగ్గిపెట్టెలు కూడా చెప్పాను. ఆయన వింటూ నిలబడ్డాడు. "మా ఇంట్లో కూడా అలాంటిది ఒకటుంది, మా ఆవిడకి నేను కొన్న స్టాండు" అన్నాడు.

ఫైలులో మొదటి ఉత్తరం మీద ఒక అడ్డగీత గీశాడు. దాని కింద "యంత్రం అక్కడే ఉండాలి, లాబ్ నడవాలి" అని రాసి సంతకం పెట్టాడు. నాకు మెమో వేరే వస్తుందన్నాడు. రానివ్వండి అన్నాను.

డ్రైవరు ఇంతసేపూ సామాను ఎత్తడానికి తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. వెళ్ళబోతూ జల్లెడ మామని అడిగాడు. "మా పెరట్లో ఏం నాటినా చస్తోందండీ. మట్టి తెస్తే చూస్తారా?"

జల్లెడ మామ గోడకి తగిలించిన సంచుల దగ్గరికి వెళ్ళాడు. పెద్దదాని మీద చెయ్యి వేశాడు. తీసేసి చిన్నది అందుకున్నాడు.

"అరకిలో చాలు" అన్నాడు. "పెద్ద సంచి పట్టుకురావద్దు."

వ్యాను నాలుగూ పదికి వెళ్ళింది. లోపల ఆఫీసరు, డ్రైవరు, ఖాళీ సంచి ఒకటి. పెద్దమ్మ నాలుగున్నర బస్సుకి వెళ్ళింది. కెమిస్ట్ గారు, జల్లెడ మామ ఐదింటికి. నేను తలుపు తాళం వేసి ఐదుంపావుకి.